చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హన్మకొండ, నాకు 38 ఏళ్లు. ఎండలు ముదిరినప్పటి నుంచి రంజన్ నీళ్లు తాగినా ఎడమవైపు పై పళ్లు జివ్వుమంటున్నాయి, పచ్చిపులుసు అయితే ముద్ద నోట్లో పెట్టలేకపోతున్నా. ఉప్పు, బొగ్గు కలిపి గట్టిగా తోమితే తగ్గుతదని మా అత్తమ్మ అంటున్నది. సెన్సిటివ్ పేస్టు వారం వాడిన, తేడా లేదు. పళ్లు పీకాలంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పీకేంత పని ఏమీ ఉండకపోవచ్చమ్మా, ముందు ఆ బొగ్గు జోలికి మాత్రం పోకండి. ఒకసారి అద్దం ముందు నిలబడి ఎడమ కోరపన్ను పైకి చూసుకోండి. చిగురు పైకి జరిగి, దాని కింద పన్ను కాస్త పసుపుగా, గోరు పెడితే తగులుకునేలా చిన్న గాడి పడి ఉందా? కుడిచేత్తో తోమేవాళ్లలో చాలామందికి ఎడమవైపే ఇలా అరుగుతుంది, ఎందుకంటే బలమంతా అటే పడుతుంది. అక్కడ పైపొర పోయి లోపలి డెంటిన్ బయటపడుతుంది, అందులో కంటికి కనపడని సన్నటి గొట్టాలుంటాయి, చల్లదనం తగలగానే వాటిలోని ద్రవం కదిలి నరానికి ఆ జివ్వు తెలుస్తుంది. గట్టిగా తోమితే ఇంకాస్త అరుగుతుందే తప్ప తగ్గదు.

పేస్టు వారంలో పనిచేయదు. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నది రోజుకు రెండుసార్లు, కనీసం రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. తోమాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి. మనకేమో చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే గాని తోమినట్టు ఉండదు, అలా చేస్తే మందంతా తూములోకే పోతుంది. రాత్రి పడుకునే ముందు కొంచెం పేస్టు వేలితో ఆ పళ్లకు రాసి వదిలేయండి. బ్రష్ మెత్తటిది కొనండి, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే చేతి బలం దానంతటదే తగ్గుతుంది. వేపపుల్ల అలవాటుంటే బాగా నమిలి మెత్తబరిచాకే వాడండి, అడ్డంగా రుద్దొద్దు.

పచ్చిపులుసు మానేయమని నేను చెప్పలేను, చెప్పినా మీరు వినరు. కాకపోతే తిన్నాక మామూలు నీళ్లతో నోరు కడుక్కుని, అరగంట నుంచి గంట దాకా బ్రష్ పట్టకండి, పులుపుకు మెత్తబడిన పన్ను తొందరగా అరుగుతుంది. నిమ్మసోడా గంటసేపు గుక్క గుక్కగా తాగే అలవాటు మాత్రం మానుకోండి.

ఒకే పన్ను బాధపెడుతున్నా, నమిలితే కలుక్కుమన్నా, వేడి తగిలి కాసేపటిదాకా నొప్పి ఆగకపోయినా, రాత్రి నిద్ర లేపినా, అది పుచ్చో పగులో కావచ్చు, పేస్టుతో కాలం గడపకండి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలోనో, దగ్గర్లోని పంటి డాక్టర్ దగ్గరో చూపించుకోండి. గాడి పడితే ఫిల్లింగ్ చేస్తారు, లేదా ఫ్లోరైడ్ వార్నిష్ రాస్తారు. గార పట్టి ఉంటే క్లీనింగ్ అంటారు, ఆ తర్వాత కొన్ని రోజులు జివ్వు ఎక్కువైనట్టు అనిపించడం మామూలే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనే మాట నమ్మకండి, వదులు చేసేది ఆ గారే.