‘అయిపోయింది’ అన్నాక వచ్చే ముఖం

మీరు అడిగింది ఇది: “కొత్తగా కెమెరా కొన్నాను. ఇప్పటిదాకా కొండలు, గుళ్ళు తీశాను. మనుషుల ముఖాలు తీయడంలోనే అసలు ఆనందం ఉందంటారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?”

నిజమే. నాకు ఆ ఆనందం అనంతపురంలో పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే పనిలో దొరికింది. క్లాక్ టవర్‌కు దగ్గర్లో ఒక చిన్న స్టూడియోలో ఆరేళ్ళు పనిచేశాను. ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. వెనక తెల్ల తెర, ముందు స్టూలు. “గడ్డం కొంచెం పైకి, భుజాలు సమానంగా, ఇటు చూడన్నా.” అంతే, మనిషి ఊపిరి బిగబట్టేస్తాడు. పెదాలు అతుక్కుపోతాయి. కళ్ళలో పరీక్ష హాల్లో కూర్చున్నంత టెన్షన్. ఫోటో తీసి “అయిపోయిందన్నా” అనగానే ఊపిరి వదులుతాడు, భుజాలు దిగుతాయి, చూపు మెత్తబడుతుంది. అంతవరకు స్టూలు మీద లేని మనిషి అప్పుడొచ్చి కూర్చుంటాడు. ఆ ముఖాన్ని రోజూ ఎన్నోసార్లు చూసేవాణ్ణి. తీయాలని మాత్రం తోచలేదు.

ఒకరోజు నార్పల వైపు నుంచి ఒక అబ్బ వచ్చాడు, పింఛను కాగితాలకు ఫోటో కావాలని. తలకు చుట్టిన రుమాలు తీయమన్నాను. తీస్తే నుదుటి మీద గీత గీసినట్టుంది. గీత కింద ఎండకు కమిలిన నలుపు, పైన రుమాలు చాటున ఉండిపోయిన లేత రంగు. శెనక్కాయ చేలో గడిచిన ఏళ్ళన్నీ ఆ గీత దగ్గర కనిపించాయి. ఫోటో తీసి అయిపోయిందన్నాను. ఆయన అరచేత్తో నుదురు తుడుచుకుంటూ “ఇంతేనాప్పా? దీనికి ఇంత దూరం రావాల్నా?” అని నవ్వాడు. నా వేలు ఇంకా బటన్ మీదే ఉంది, నొక్కేశాను.

ఆ రెండోది ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. “మా నాయన మాదిరే ఉండానే” అన్నాడు. వాళ్ళ నాయన ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదట. పెద్ద సైజులో ప్రింటు వేసి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చాను. ఆ రోజు నుంచి, అయిపోయిందన్నాక “ఇంకొకటి తీయనా?” అని అడిగి తీయడం అలవాటు చేసుకున్నాను.

మామూలుగా మనం ఎదుటివాళ్ళ ముఖాన్ని పూర్తిగా చూడం. మాట్లాడుతూ ఓసారి చూస్తాం, మళ్ళీ చూపు తిప్పుకుంటాం. అదే పనిగా చూస్తే “ఏమప్పా, అట్ల చూస్తాండావు?” అంటారు. కెమెరా ముందు కూర్చోవడానికి ఒప్పుకున్న మనిషి మాత్రం ఆ చూపుకు ఒప్పుకున్నట్టే. అప్పుడు ఒక కనుబొమ రెండోదానికన్నా కాస్త పైన ఉండటం కనిపిస్తుంది. నవ్వు మొదలయ్యేటప్పుడు ఒక బుగ్గే ముందు కదలడం కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన మా పిన్ని ముఖంలో మా తాత గడ్డం ఉందని నాకు ఫోటో తీసిన రోజే తెలిసింది.

ముఖాన్ని ఎదురుగానే తీయాలని కూడా లేదు. లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలను తల పైకెత్తి ఓపిగ్గా చూడండి. ముఖాలు ఎక్కువగా పక్క నుంచి గీసినవే. ముక్కు గీత, పొడుగాటి కన్ను, గడ్డం వంపు, మనిషిని నిలబెట్టడానికి అవే చాలాయి వాళ్ళకు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చూసినా అంతే, పక్కముఖాలు బోలెడు. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. అక్కడ ఒక కళాకారుడు వసారాలో కూర్చుని మేకతోలు మీద చిన్న చిన్న చిల్లులు కొడుతుంటే గంటసేపు పక్కనే కూర్చున్నాను. చిల్లులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి ఆయన తోలును ఎండకు ఎత్తి పట్టాడు. వెలుతురు చుక్కలు చుక్కలుగా ఆయన బుగ్గ మీద పడింది. నేను తీసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫోటో అదే. ఆ గంటలో ముందు తీసినవేవీ ఉంచుకోలేదు.

వెలుతురు సంగతికొస్తే, మన సీమ ఎండ ముఖాలకు మంచిది కాదు. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ళు గుంటల్లోకి పోయినట్టు నల్లగా వస్తాయి. నేనైతే మనిషిని గడప లోపల, ముఖం బయటికి ఉండేలా కూర్చోబెడతాను. లోపల చీకటి, ముందు నుంచి మెత్తని వెలుతురు, కళ్ళలో వాకిలి మెరుపు. ఇంతకన్నా మంచి స్టూడియో ఏ ఊళ్ళోనూ లేదు. గడ్డం కింద నీడ ఎక్కువగా ఉంటే ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకోమనండి, కింది నుంచి వెలుతురు లేస్తుంది. వేపచెట్టు నీడ చల్లగానే ఉంటుంది కానీ చర్మానికి పచ్చదనం అంటుతుంది, చూసుకోండి.

సున్నం వేసిన తెల్ల గోడ ముందు నిలబెడితే కెమెరా ఆ తెలుపును చూసి మోసపోతుంది, ముఖం ఇంకా నల్లగా వస్తుంది. ఒక స్టాప్ పెంచి, అంటే వెలుతురు రెట్టింపు పడేలా పెట్టి తీయండి. పెంచమంటున్నది ముఖం కనబడటానికి, రంగు మార్చడానికి కాదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి. ఒకసారి పక్కింటి అవ్వ ఫోటో ప్రింటుకిస్తే, ఒక ల్యాబ్‌లో నన్ను అడగకుండానే ముఖం తెల్లగా చేసి, ముడతలు చెరిపేసి ఇచ్చారు. తొందరలో నేనూ చూసుకోకుండా తెచ్చి ఇచ్చాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి “ఎవరు నాయనా ఈమె?” అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. మరో చోట, తీసింది తీసినట్టే మళ్ళీ వేయించి తెచ్చాను. ఈసారి అవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోటో అందుకుంది. “ఇది నేను” అంది.

గూగూడు పీర్ల పండక్కి వెళ్ళి జనం మధ్య కూడా చాలా తీశాను. అవి పండగ ఫోటోలు. ముఖం తీయాలంటే నా లెక్కన ఇద్దరం కూర్చోవాలి, రెండు మాటలు నడవాలి. అడగకుండా దూరం నుంచి లాగి తీసినవి నేను దాచుకోను.

లెన్స్ కూడా అడుగుతారేమో. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఒక్కటి చాలు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుంది). లోపల వెలుతురు పట్టే సెన్సర్ చిన్నదైన (ఏపీఎస్-సీ) కెమెరా అయితే అది 75, 80 మిల్లీమీటర్ల లెన్స్‌లా చూస్తుంది, ముఖాలకు బాగా నప్పుతుంది. మరీ దగ్గరికి పోకండి, దగ్గరైతే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నగా వస్తాయి. ఫోన్‌తో తీసినా అంతే, రెండడుగులు వెనక్కి వచ్చి 2 రెట్లు జూమ్ పెట్టండి. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. ఎఫ్ 1.8లో ఆ కన్ను బాగా వచ్చి రెండోది మసకబారుతుంది కాబట్టి మొదట్లో ఎఫ్ 2.8 దగ్గర ఉండండి.

మొదటి ముఖం మీ ఇంట్లోదే కానివ్వండి. అమ్మో, అవ్వో శెనక్కాయలు ఒలుస్తూనో చిక్కుడుకాయలు తుంచుతూనో ఉన్నప్పుడు వాకిట్లో ఎదురుగా కూర్చోండి. చేతులు పనిలో ఉంటే ముఖం బిగుసుకోదు. ఊరి కబుర్లు అడగండి. నాలుగైదు తీసి “అయిపోయిందమ్మా” అనండి. కెమెరా మాత్రం అప్పుడే దించకండి.