జెట్టీ దగ్గర ఎంతసేపు కూర్చున్నావమ్మా?

అమ్మా,

నువ్వు పంపిన అండమాన్ యాత్ర పద్నాలుగు పేజీలూ చదివాను. ఐదో పేజీ దగ్గర ఆగిపోయాను. 'డిసెంబరు సాయంత్రం ఆరున్నరకి రాధానగర్ బీచ్‌లో సూర్యుడు మెల్లగా సముద్రంలోకి జారిపోతుంటే మాకు మాటలు రాలేదు' అని రాశావు. చదవగానే కోపం వచ్చింది, దాచుకోను.

డిసెంబరులో ఆరున్నరకి హేవ్‌లాక్ దీవిలోని ఆ రాధానగర్‌లో చిమ్మచీకటి. అక్కడ ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. జూన్‌లో అయినా ఆరు దాటదు. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశానికి కట్టినవి. అండమాన్ 93 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడికి మనకన్నా ముందే వస్తాడు, ముందే వెళ్ళిపోతాడు. నువ్వు సూర్యాస్తమయం చూసిన మాట నిజమే అయ్యుంటుంది. కానీ ఇంటికొచ్చాక హైదరాబాదులో కూర్చుని, సాయంత్రం అంటే ఆరున్నర అనుకుని రాసేశావు. అంటే కళ్ళతో చూసింది వదిలేసి అలవాటు ప్రకారం రాశావు. ఈ ఒక్క తప్పుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఎందుకంటే ఐదింటికే పడే ఆ చీకట్లోనే నీ అసలు కథ ఉంది. పొద్దు గూకగానే బీచ్‌లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి బండ్ల దగ్గరికి వస్తారు. అక్కణ్ణించి పడవలు ఆగే జెట్టీ వైపు 12 కిలోమీటర్లు. వంపుల రోడ్డు, చెట్లు, లైట్లు లేవు. మీరు ముగ్గురు ఆడపిల్లలు, రెండు స్కూటీలు, తెలియని దీవి. ఆ చీకట్లో ఎలా వచ్చారు? ముందు ఎవరు నడిపారు? భయం వేసిందా? ఒక్క ముక్క లేదు. 'తర్వాత రిసార్ట్‌కి చేరుకున్నాం' అని దాటేశావు. సొంతంగా బండి నడుపుకుంటూ తిరిగామని మొదటి పేజీలోనే గర్వంగా చెప్పుకున్నావు కదా, మరి ఆ బండి ఏదమ్మా? పద్నాలుగు పేజీల్లో పెట్రోలు ఒక్కసారి కూడా పోయించలేదు నువ్వు.

నీల్ దీవి దగ్గర మళ్ళీ అదే. 'నేచురల్ బ్రిడ్జి చూడలేకపోయాం, హోటల్ వాళ్ళు సరిగ్గా చెప్పలేదు' అని ఫిర్యాదు రాశావు. అది ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి వంతెన. అక్కడ స్థిరపడిన బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అని పిలుచుకుంటారు. నీళ్ళు దిగినప్పుడే దాని దగ్గరికి రాళ్ళ మీద నడిచి వెళ్ళగలం. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న పదింటికి చూసినవాడు ఇవాళ పదింటికి వెళ్తే మోకాలి లోతు నీళ్ళుంటాయి. అందులో హోటల్ వాళ్ళ తప్పేముంది? దీవుల్లో టైమ్ మన చేతిలో ఉండదు. సముద్రం చెప్తుంది, ఫెర్రీ చెప్తుంది, మనం వింటాం. దీవుల యాత్ర రాసేవాళ్ళు బీచ్‌ల గురించి తక్కువ రాయాలి, ఎదురుచూడ్డం గురించి ఎక్కువ రాయాలి. ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే చెప్తున్నాను, వినేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఫ్యాషన్ వేరే. 'తప్పక చూడాల్సిన పది బీచ్‌లు', ఒక్కోదానికి నాలుగు వాక్యాలు, అందులో మూడు విశేషణాలు. స్వర్గధామం, కనువిందు, స్ఫటికంలాంటి నీళ్ళు. నువ్వు కూడా 'నీలి' అనే మాట ఇరవైరెండు సార్లు వాడావు, లెక్కపెట్టాను. మాటలు రాకపోతే రాయకుండా ఊరుకోవాలి. మాటలు రాలేదని మాటల్లో చెప్పకూడదు.

1980ల్లో నేను విశాఖపట్నం నుంచి ఓడలో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. బంక్ క్లాసు, మూడు రోజులు. మొదటి రోజంతా వాంతులు. రెండో రోజుకి నీళ్ళ రంగు మారడం చూస్తూ కూర్చునే ఓపిక వచ్చింది. దిగాక హేవ్‌లాక్ పడవ తప్పిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఆ రాత్రి ఫీనిక్స్ బే జెట్టీ దగ్గరే పడుకున్నాను. పక్కన శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి వచ్చిన కూలీల కుటుంబం. వాళ్ళ ముసలమ్మ గోనెపట్టా పరిచి, ఎండుచేప వేసి అన్నం పెట్టింది. ఎన్నాళ్ళయిందమ్మా వచ్చి అంటే, 'ఆరు నెల్లకని వచ్చినాం బాబూ, పదకొండేళ్ళయింది' అంది. ఆ మాట అంటూనే చేపముల్లు తీసి మనవడి నోట్లో ముద్ద పెట్టింది.

దాన్ని మూడు పేజీలు రాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. ఓడా జెట్టీ ముసలమ్మా మొత్తం తీసేసి బీచ్ మాత్రం మిగిల్చారు. అడిగితే, 'కూలీల గోల యాత్రల శీర్షికలో ఎందుకండీ, పాఠకులు సెలవులో ఉంటారు' అన్నాడు ఆ సంపాదకుడు. నాకప్పుడు కాపీ ఉంచుకునే అలవాటు లేదు. ఆ మూడు పేజీలూ పోయాయి. ఇన్నేళ్ళయినా ఆ మనిషి పేరు వింటే ఒళ్ళు మండుతుంది. అందుకే చెప్తున్నాను, నీ దగ్గర ఒక ప్రతి ఎప్పుడూ ఉంచుకో.

ఇంకొకటి. కారు తీసుకుని బారాటాంగ్ దీవికి వెళ్ళిన పేజీలో 'జరవాలు కనిపిస్తారేమోనని అద్దంలోంచి ఆశగా చూశాం, దురదృష్టవశాత్తు కనిపించలేదు' అని ఉంది. ఆ వాక్యం కొట్టెయ్. జరవాలు ఆ దీవుల ఆదివాసులు, అది వాళ్ళ అడవి. అందులో మనం కాన్వాయ్‌లో, ఆగకుండా, ఫోటో తీయకుండా దాటిపోవాలి. ఆ మేర రోడ్డు మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ బండ్లు పోతూనే ఉన్నాయి, మీ బండితో సహా. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారకముందే లైన్లో నిలబడి ఉంటారు కదా. ఆ లైన్లో టీ తాగుతూ జనం ఏం మాట్లాడుకున్నారో విన్నావా? వింటే అది రాయి. మనం ఎందుకు వెళ్తున్నామో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది.

వాక్యం నీకు వచ్చు, దాని గురించి బెంగ లేదు.

అసలు ఈ జవాబు కోపంతో మొదలుపెట్టానే గానీ, రాయించింది పదకొండో పేజీ. హేవ్‌లాక్‌లో స్కూటీ అద్దెకిచ్చినాయన తెలుగువాడనీ, తాళంచెవికి అరసవల్లి సూర్యుడి బొమ్మ వేలాడుతోందనీ రాశావు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చాడట, ఈయన అక్కడే పుట్టాడట, ఊరు ఎప్పుడూ చూడలేదట. బండి తిరిగి ఇచ్చేటప్పుడు 'మన వైపు కోతలైపోయాయా అమ్మా?' అని అడిగాడు. అంతే రాసి, తర్వాతి వాక్యంలో కొబ్బరినీళ్ళ ధరకి వెళ్ళిపోయావు.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. నా ముసలమ్మ మనవడికి ఇప్పుడు ఆ వయసే ఉంటుంది. ఆయనే ఈయన అని అనడం లేదు. చూడని ఊరి పొలం గురించి అడిగే మనిషి కళ్ళ ముందు నిలబడితే, నీకు ఇరవైరెండు నీలాలు ఎందుకమ్మా?

పద్నాలుగు పేజీలు ఆరు చెయ్. హేవ్‌లాక్ జెట్టీలో ఫెర్రీ కోసం కూర్చున్న గంటలు, ఆ చీకటి రోడ్డు, ఆ స్కూటీ ఆయన, ఇవి ఉంచు. ఫోటోలు పంపకు. ఒక్కటి మాత్రం తప్పకుండా రాసి పంపు: కోతలైపోయాయా అని ఆయన అడిగితే నువ్వేమన్నావు?

ఆశీస్సులతో,
మీ పెద్దాయన