మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరికీ తెలియదు, చెల్లీ

చెల్లీ,

మెయిల్లో మేడమ్ అని రాశావు, అక్కా అంటే చాలు. నీ కథ ప్రింటు తీయించుకున్నాను, ఫోన్లో చదివితే నాకు తప్పులు కనబడవు. మొన్న రాత్రి ఒకసారి చదివాను. ఇవాళ పొద్దున చిక్కడపల్లిలో లైబ్రరీ తెరిచేలోపు ఇరానీ హోటల్లో కూర్చుని ఇంకోసారి చదివాను. చాయ్ చల్లారిపోయింది. అది నీ కథ మహిమ అనుకోకు, పెన్సిల్ పట్టుకుని లెక్క పెడుతూ కూర్చున్నందుకు. "చరిత్ర" అనే మాట పద్నాలుగు సార్లు వాడావు. "ఉత్కంఠ" తొమ్మిది సార్లు. ఓటు రోజు గురించి రాస్తూ ఉత్కంఠ అనే మాట వాడటం అంటే పులిహోర మీద పులిహోర అని చీటీ అంటించడం లాంటిది. తినేవాడికి తెలుస్తుందిలే.

ఎంచుకున్న విషయం మాత్రం మంచిది. 2014 సెప్టెంబర్ 18, స్కాట్లాండ్‌లో రెఫరెండం, బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని జనాన్నే అడిగిన ఓటు. గ్లాస్గోలో ఉద్యోగం చేసుకుంటున్న మీ అన్నయ్య, వదిన. ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే, అయినా ఇద్దరికీ ఓటు ఉంది, ఎందుకంటే అక్కడ నివాసం ఉన్న కామన్వెల్త్ దేశాల వాళ్లకు ఓటిచ్చారు. లండన్‌లో స్థిరపడ్డ స్కాట్లాండ్ బిడ్డలకు మాత్రం లేదు. అక్కడ పుట్టినవాడికి లేని ఓటు మన దగ్గర నుంచి వెళ్లిన పిల్లకు ఉంది! ఈ ఒక్క ముక్క మీద కథంతా నిలబడుతుంది, నువ్వేమో దాన్ని ఏడో పేజీలో ఒక వాక్యంలో చెప్పేసి మళ్లీ జెండాల వర్ణనలోకి వెళ్లిపోయావు.

అసలు నాకు ఇబ్బంది అనిపించింది ఇంకోటి. నీ మొదటి పేరాలోనే ఆకాశం "ఓడిపోబోతున్న కలలా" ఉంది. ఓడిపోబోతున్నదని ఆకాశానికి ఎవరు చెప్పారు? నువ్వు. నీకు ఫలితం తెలుసు, వద్దు అన్నవాళ్లు 55.3 శాతం, కావాలన్నవాళ్లు 44.7 అని వికీపీడియాలో చూసుకుని కూర్చుని రాశావు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి గ్లాస్గోలో క్యూలో ఉన్న మనిషికి ఆ అంకెలు లేవు. పది పన్నెండు రోజుల ముందు వచ్చిన ఒక సర్వేలో కావాలన్న పక్షం 51, వద్దన్న పక్షం 49 అని వచ్చి లండన్ నాయకులకు చెమటలు పట్టాయి. తర్వాత వచ్చిన సర్వేల్లో ఎక్కువ మళ్లీ వద్దన్న వైపు మొగ్గాయి. పోలింగ్ ముగిసిన రాత్రి చూద్దామంటే టీవీల ఎగ్జిట్ పోల్ కూడా లేదు. అంటే ఆ పగలంతా అందరూ చీకట్లోనే ఉన్నారన్నమాట. మనం ఇప్పుడు టార్చి లైటు వేసి ఆ రోజుని చూస్తున్నాం. రాసేటప్పుడు ఆ లైటు ఆర్పెయ్యి. గెలిచినవాళ్లు పొద్దున్నుంచే ధీమాగా, ఓడినవాళ్లు పొద్దున్నుంచే దిగాలుగా ఉన్నట్టు రాశావు చూడు, అది అన్నిటికంటే పెద్ద అబద్ధం.

నేనూ చేశాను ఆ పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2014 జూన్ 1 రాత్రి, తెల్లారితే తెలంగాణ. బర్కత్‌పురలో మా డాబా మీద నిలబడి టపాసులు చూసి, కిందికి దిగి ఒక్క కూర్చోటంలో కథ రాశాను. ఊరంతా పండగ, వీధంతా పండగ, చెట్లు కూడా పండగ. ఒక పత్రిక వేసింది కూడా. వారం తిరక్కుండానే ఒక పోస్టుకార్డు వచ్చింది, పేరు లేదు, ఒకటే వాక్యం: "అమ్మా, మీ వీధిలో ఆ రాత్రి నిద్రపోయిన ఇల్లు ఒక్కటీ లేదా?"

ఉంది. మా కింది పోర్షన్. గుంటూరు వాళ్లు, ఇరవై ఏళ్లుగా అద్దెకు ఉంటున్నారు. ఆ రాత్రి తొమ్మిదింటికే లైట్లు ఆర్పేశారు. మర్నాడు పొద్దున ఆవిడ రోజూలాగే గిన్నెతో పెరుగు తెచ్చి ఇచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "వదినా, ఇక మేం కరెంటు బిల్లు ఏ రాష్ట్రంలో కట్టాలి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కాస్త ఎక్కువసేపే నవ్వాం. అది జరిగింది, నా కళ్లతో చూశాను, కానీ నా కథలో ఎక్కడా లేదు. పండగ పాడవుతుందని తీసేశాను. తెలంగాణ కావాలని 2009 చలికాలం నుంచి రోడ్ల మీద తిరిగినదాన్నే నేను, ఆ సంతోషం నిజమే. కానీ కథలో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆవిడ ఉంటే ఆ సంతోషానికి బరువు ఉండేది.

ఇంతకీ నీ కథకు కావాల్సిన గిన్నె నీ దగ్గరే ఉంది. అన్నయ్యది కరీంనగర్ వైపు, వదినది విజయవాడ. వాళ్ల సొంత రాష్ట్రం మూడు నెలల కిందటే రెండైంది. దాని గురించి వాళ్లిద్దరినీ అవునా కాదా అని ఎవరూ కాగితం ఇచ్చి అడగలేదు. మనకు రెఫరెండం లేదు కదా, రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు చట్టం చేసింది, ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసవుతున్నప్పుడు టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. అలాంటి ఇద్దరికి వేరే దేశంలో, వేరేవాళ్ల విడిపోవడం గురించి చేతికి పెన్సిల్ ఇచ్చి గీయమన్నారు. వంటింట్లో వాళ్లు స్కాట్లాండ్ చమురు గురించి, పౌండు ఉంటుందా పోతుందా అన్నదాని గురించి వాదించుకుంటున్నారని రాశావు. వాళ్లు నిజంగా వాదించుకుంటున్నది దేని గురించో నీకు తెలుసు, నాకూ తెలుసు. తెలంగాణ అనే మాట ఆ సంభాషణలో ఒక్కసారి కూడా రాకుండా రాయగలవా? ప్రయత్నించు. కష్టంగా ఉంటుంది.

ఓటు వేసే గది దగ్గర నువ్వు మరీ తొందరపడ్డావు. "వదిన ఓటు వేసి బయటికి వచ్చింది" అంతే! అక్కడ ఆగాలి. మన దగ్గర నుంచి వెళ్లిన మనిషికి అక్కడ ప్రతిదీ వింతే. గుర్తింపు కార్డు అడగలేదు అప్పట్లో, పేరు, చిరునామా చెబితే జాబితాలో గీత కొట్టి కాగితం ఇచ్చారు. ఈవీఎం లేదు, బీప్ లేదు. వేలికి సిరా లేదు. తర్వాత మన జనానికి సెల్ఫీ తీసి పంపడానికి చూపుడు వేలు మీద ఏమీ లేదు, అది చిన్న విషయం కాదు. చెక్క అర, అందులో పొట్టి పెన్సిల్. పెన్సిలా, చెరిపేస్తే? అని మన మనిషికి మొదట వచ్చే అనుమానం అదే. టిక్కు కాదు, ఇంటూ గుర్తు పెట్టమంటారు. మనకేమో స్కూలు రోజుల నుంచి ఇంటూ అంటే తప్పు. తనకు సరైనది అనిపించిన గడిలో తప్పు గుర్తు పెట్టాలి వదిన. ఆ రెండు సెకన్లు ఒక పేజీ రాయొచ్చు.

కాగితం మీద ప్రశ్న ఒక్కటే, స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? కింద అవును, కాదు. దాని వెనకాల కథ తెలుసా నీకు? అక్కడి ప్రభుత్వం ముందు అనుకున్న ప్రశ్న వేరు, "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా?" అని. ఎన్నికల సంఘం దాన్ని జనం మీద పరీక్షించి చూసి, "ఒప్పుకుంటారా" అంటే అవును అనే వైపు తోసినట్టు ఉందని 2013 జనవరిలో ఆ ముక్క తీసేయమంది, తీసేశారు. ఒక్క మాట. ఎడిటింగ్ గురించి నేను పది ఉత్తరాల్లో చెప్పేది ఆ ఒక్క మార్పులో ఉంది. నీ కథలో "ఒప్పుకుంటారా" లాంటి మాటలు, పాఠకుణ్ని భుజం మీద చెయ్యేసి తోసేవి, ఎరుపు గీతలు పెట్టి పంపుతున్నాను. చాలానే ఉన్నాయి, ఏడవకు.

టైం తప్పులు కూడా చూసుకో. రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్ నుంచి అమ్మ ఫోన్ చేసి "పోలింగ్ అయిపోయిందట కదా" అంటుంది నీ కథలో. సెప్టెంబర్‌లో వాళ్లకంటే మనం నాలుగున్నర గంటలు ముందు. మన తొమ్మిది అంటే వాళ్లకు సాయంత్రం నాలుగున్నర. అక్కడ పోలింగ్ పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదింటి దాకా, అంటే అది ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి రెండున్నర. ఇది తప్పు అనే చెప్పడం లేదు, దీనివల్ల నీకు మంచి సీన్ దొరుకుతుంది. లెక్కింపు ఆ రాత్రే, చేత్తోనే, 32 చోట్ల. మొదటి ఫలితం క్లాక్‌మన్నన్‌షైర్ అనే చిన్న చోటు నుంచి అక్కడి టైం ఒకటిన్నర ప్రాంతంలో వచ్చింది. ఇక్కడ ఆరు, పాలప్యాకెట్ వచ్చే టైం. పాలు పొయ్యి మీద పెట్టి అమ్మ ఫోన్ చేస్తుంది, అక్కడ వీళ్లు కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చున్నారు. ఆమెకు తెలియాల్సింది స్కాట్లాండ్ ఏమైందని కాదు, "ఇంకా పడుకోలేదేంట్రా" అని. అలా రాయి.

ఓటు రోజు మూడ్ అంటే నినాదాలు, ఊరేగింపులు అనుకుంటారు కొత్తగా రాసేవాళ్లు. అవి ముందురోజు వరకు. ఆ రోజు మాత్రం జనం చాలా మామూలుగా ఉంటారు, అంటే మామూలుగా ఉండటానికి తంటాలు పడుతుంటారు. 2014 ఏప్రిల్ 30న మా వీధి చివరి సర్కారు బడిలో ఓటు వేశాను, ఇంకా పుట్టని రాష్ట్రానికి అసెంబ్లీ ఎన్నిక. గంటన్నర క్యూ, ఎండ. అంత పెద్ద మార్పు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, మాటంతా నీళ్ల ట్యాంకర్ గురించి, మామిడికాయల ధర గురించి. నా ముందు ఒక పెద్దాయన ఓటరు స్లిప్పుని మడిచి, మళ్లీ మడిచి, మళ్లీ మడిచి, లోపలికి వెళ్లేసరికి అది మడతల దగ్గర చిరిగి నంబరు రెండు ముక్కలైంది. ఆఫీసరు ఆ రెండు ముక్కలు బల్ల మీద పక్కపక్కన పెట్టి చదువుకున్నాడు. తర్వాత ఒక ముసలమ్మ. ఆ రోజు లోక్‌సభకొకటి, అసెంబ్లీకొకటి, రెండు మిషన్లు. మొదటి బీప్ విని బయటికి వచ్చేస్తుంటే "అమ్మా, ఇంకోటి ఉంది" అని వెనక్కి పిలిచారు. రెండో బీప్ వచ్చాక కూడా ఆమె కదల్లేదు, మూడోది కూడా ఉందేమో అని నిలబడింది. నేను ఆ ఎన్నిక మీద రాసినవాటిలో ఇప్పటికీ జనం గుర్తుపెట్టుకుని అడిగేది ఆ ముసలమ్మ గురించే.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని కాదు. 1999 ఆగస్టు 30న ఇండోనేషియా నుంచి విడిపోవడం గురించి తూర్పు తైమూర్‌లో ఓటు వేసినవాళ్లు ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చారు, 98 శాతం దాటి వచ్చారు, వేసేసి చాలామంది కొండల్లోకి వెళ్లి దాక్కున్నారు. 2011 జనవరిలో దక్షిణ సూడాన్‌లో చదువురానివాళ్ల కోసం బ్యాలెట్ మీద బొమ్మలు వేశారు, విడిపోవడానికి ఎత్తిన ఒక్క చెయ్యి, కలిసి ఉండటానికి పట్టుకున్న రెండు చేతులు. 98.83 శాతం ఆ ఒక్క చేతికే. అక్కడ ఫలితం గురించి టెన్షన్ ఎవరికుంటుంది, అక్కడి మూడ్ వేరు. కెనడా నుంచి విడిపోదామా అని క్యుబెక్‌ రాష్ట్రంలో 1995లో పెట్టిన ఓటులో తేడా ఒక్క శాతం పైచిలుకు, అక్కడ వేరు. నీ గ్లాస్గో వీటిలో దేనికీ దగ్గర కాదు, భయం లేని చోటు, కానీ ఒకే ఇంట్లో రెండు ఓట్లు ఉన్న చోటు. ఊరు 53.5 శాతం కావాలని అన్నది, దేశం వద్దన్నది. తెల్లారి ఆఫీసుకు వెళ్లాక ఎవరు ఎటు వేశారో తెలియని సహోద్యోగుల మధ్య కాఫీ మిషన్ దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో, అది మీ అన్నయ్యను అడుగు.

ఇంకోటి, నువ్వు గమనించావో లేదో. ఆ ఓటుకు ముందురోజు మన సెప్టెంబర్ 17, 1948లో హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన రోజు. అది విమోచనమా, విలీనమా, ఇంకేదైనానా అని ఇక్కడ ఏటా తగాదాయే. 1948లో హైదరాబాద్‌లో కూడా జనాన్ని అడుగుదాం, ప్లెబిసైట్ పెడదాం అన్న మాట చర్చల్లో వచ్చింది, జరగలేదు. గుజరాత్ వైపున్న జునాగఢ్ సంస్థానంలో ఆ ఏడాది ఫిబ్రవరిలో, ఇండియానా పాకిస్తానా అని, జరిగింది, పాకిస్తాన్‌కు పడ్డ ఓట్లు 91. ఆ తొంభై ఒక్కరిలో ఒకరి మీద ఎవరైనా కథ రాస్తే పని మానుకుని చదువుతాను. నీ కథలో ఇదంతా పెట్టమని కాదు, పెడితే చంపుతాను. అన్నయ్య ఆ 17న ఫోన్లో నాన్నతో మాట్లాడి ఉంటాడు కదా, ఆ ఫోన్ ఒక్కటి చాలు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. వదినకు ఫోన్ చెయ్యి. ఎటు వేశావని అడగొద్దు, చెప్పినా కథలో రాయొద్దు. ఆ రోజు పొద్దున ఏం టిఫిన్ చేసింది, ఇద్దరూ కలిసి వెళ్లారా, విడివిడిగానా, వాన పడిందా, వచ్చేటప్పుడు దారిలో ఏం కొన్నారు, ఇవి అడుగు. నువ్వు ఎండ కాయించావు, స్కాట్లాండ్‌లో సెప్టెంబర్‌లో అంత ఎండ ఎక్కడిది, నాకు అనుమానమే. పదహారేళ్లకే ఓటు ఇచ్చారు కదా ఆ రోజు, స్కూలు యూనిఫాంలో వచ్చిన పిల్లలు ఎవరైనా క్యూలో కనబడ్డారేమో కూడా అడుగు.

తిరగరాసింది ఆదివారం నాలుగు తర్వాత పట్టుకుని రా, ముందు వస్తే పడుకుని ఉంటాను. మెట్లు పక్కనుంచి ఉన్నాయి, నేను పైన. కింది పోర్షన్ బెల్లు మాత్రం కొట్టకు, ఆవిడ కూర్చోబెట్టి ఏదో ఒకటి తినిపించేదాకా వదలదు, నీకు చీకటి పడిపోతుంది.

అక్క