అన్నయ్య నడుస్తున్నాడు, సేవ చేసింది మేము

ప్రశ్న: మా నాన్నగారు డిమెన్షియాతో చాలాకాలం తీసుకుని నిరుడు పోయారు. చివర్లో అమ్మను కూడా ‘ఎవరమ్మా మీరు’ అనేవారు. స్నానం, అన్నం, డైపర్లు అన్నీ అమ్మా నేనే చూసుకున్నాం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య అక్కడ అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) కోసం జరిగే విరాళాల నడకలో నాన్న పేరుతో టీం పెట్టాడు. నాన్న ఫొటోతో టీషర్టులు వేయిస్తాడట. నన్నూ అది వేసుకుని హైదరాబాద్ వెళ్లి అక్కడ జరిగే ఇలాంటి నడకలో నడవమంటున్నాడు. అమ్మేమో ‘ఆయన జబ్బు ఊరంతా చాటాలా?’ అంటోంది. పిన్ని వాళ్లు సంవత్సరీకం పెడితే చాలంటున్నారు. నిజం చెప్పాలంటే నాకు అన్నయ్య మీద కోపంగా ఉంది. వెళ్లాలా, వద్దా?
– ఓ సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ కోపం సంగతి చూద్దాం తల్లీ.

మా మామగారు ఆర్టీసీ కండక్టరు. జబ్బు ముదిరాక ఇంటికి వచ్చినవాళ్లను ‘ఎక్కడికి?’ అని అడిగి, కేలండరు కాగితం చింపి టికెట్టు ఇచ్చేవారు. చిల్లర చేతిలో పెట్టేదాకా గుమ్మం దాటనిచ్చేవారు కాదు. దుబాయ్‌లో ఉన్న మా మరిది ఫోనులో ఇదంతా విని తెగ నవ్వేవాడు. అర్ధరాత్రి డిపోకి టైమైందని ఆయన తలుపులు బాదుతుంటే పట్టుకునేది మాత్రం నేనూ మా ఆయనా! మరిది సెలవుకి వచ్చాడు. తండ్రి అతనికీ టికెట్టు చింపి ఇచ్చి, చిల్లర అడిగారు. అప్పుడు నవ్వలేదు. ఆ కాగితం ఇప్పటికీ అతని పర్సులో ఉంది. మీ అన్నయ్యకు అలాంటి ముక్క కూడా దక్కి ఉండదు. టీషర్టులు వేయిస్తున్నాడంటే నాకు వింతగా లేదు.

అలాగని మీరు నోరు మూసుకోనక్కర్లేదు. అమెరికాలో ఆ నడకలో తలా ఒక రంగు పువ్వు పట్టుకుంటారు. మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు ఊదా, జబ్బుతో ఉన్నవాళ్లకు నీలం, సేవ చేసేవాళ్లకు పసుపు. నాన్నగారి పేరు ఎక్కడ వేసినా, సేవ చేసింది అమ్మా చెల్లీ అని కూడా రాయమనండి. ఇది సిగ్గుపడి దాచుకునే మాట కాదు, అడిగి రాయించుకోండి.

ఇక ఫొటో. దాని మీద నిర్ణయం అమ్మగారిది. మీ అన్నాచెల్లెళ్లది కాదు. ఆవిడ వద్దంటే పేరు చాలు. ఒప్పుకుంటే మంచం పట్టినప్పటి ఫొటో మాత్రం వద్దు, ఉద్యోగంలో ఉన్నప్పటిది వేయించండి. ఆవిడ భయం అర్థమవుతోంది, మన ఊళ్లలో దీన్ని చాదస్తమనో పిచ్చి అనో అనేస్తారు. కానీ దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. మీ వీధిలోనే ఇంకో ఇల్లు ఉండొచ్చు, వాళ్లూ నోరు విప్పట్లేదంతే.

పిన్నిగారి మాటకి జవాబు: రెండూ చేయండి. సంవత్సరీకం తిథి ప్రకారం పెడతారు, నడక తేదీ ప్రకారం జరుగుతుంది, గొడవేముంది? అల్జీమర్స్ దినం సెప్టెంబరు 21. మన మహాలయ పక్షం కూడా చాలాసార్లు ఆ రోజుల్లోనే పడుతుంది. 2025లో అయితే మహాలయ అమావాస్య సరిగ్గా అదే రోజున వచ్చింది.

డబ్బు విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. డల్లాస్‌లో పోగైన డాలర్లు ప్రధానంగా అక్కడి పరిశోధనకు, అక్కడి కుటుంబాలకు వెళ్తాయి. మంచిదే. కానీ నాన్నగారు ఇక్కడి మనిషి. కొంత ఇక్కడికీ పంపమనండి. 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంస్థ ఈ జబ్బు మీదే పనిచేస్తుంది, హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. సెప్టెంబరులో నడక ఎక్కడో, ఎప్పుడో వాళ్లనే అడగండి. అన్నయ్యది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే మామూలుగా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ విరాళాలకు అనుమతి ఉన్న సంస్థకు, దాని ప్రత్యేక ఖాతాకే పంపాలి. మీరిచ్చేదానికి పన్ను మినహాయింపు కోసం రసీదు తీసుకోండి. నగదుగా రెండు వేలు దాటితే పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే అసలే రాదు.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే నడవనక్కర్లేదు, నడక మొదలయ్యే చోట కుర్చీ వేయించండి. టీషర్టు వేసుకోమని మాత్రం ఆవిడను బలవంతపెట్టకండి.