చావింటి కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ చదివాను. జొహానెస్‌బర్గ్‌లో నీతో పనిచేసే స్నేహితురాలి ఇంట్లో చావు జరిగితే లింపోపో రాష్ట్రంలో గియానీ దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లావు. దక్షిణాఫ్రికాలోనూ పక్కనున్న మొజాంబిక్‌లోనూ ఉండే త్సోంగా జాతివాళ్లు వాళ్లు. అక్కడ కళ్లారా చూసింది రాసిన చోటల్లా కథ చక్కగా నడిచింది. శుక్రవారం సాయంత్రం ఇంటికి చేరిన శవపేటిక, రాత్రంతా ఆగని పాటలు, తెల్లవారుజామున శ్మశానం, తిరిగి వచ్చేవాళ్లు చేతులు కడుక్కోవడానికి గేటు దగ్గర పెట్టిన నీళ్లు, వాకిట్లో పెద్ద పాత్రల్లో ఉడికే మొక్కజొన్న పిండి అన్నీ కళ్లకు కట్టాయి. ఉన్నట్టుండి ఆ ఇంటి గోడకు కంత పెట్టి శవాన్ని బయటికి తీయించావు. ఇటుక గోడలు, రేకుల కప్పు, లోపల ఫ్రిజ్జు ఉన్న ఇంటికి!

ఆ కంత ఎక్కడిదో నాకు తెలుసు. స్విట్జర్లాండ్ నుంచి మిషనరీగా 1889లో మొజాంబిక్ చేరిన ఆన్రీ జునో 1912, 1913 సంవత్సరాల్లో త్సోంగా వాళ్ల మీద రెండు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలోది. సీతాకోకచిలుకలు సేకరించిన మనిషి ఆయన. ఆ ఓపికతోనే ఆచారాలనూ సేకరించాడు. శవం బిగుసుకోకముందే కాళ్లూ చేతులూ మడిచేవారని, చాపలో చుట్టేవారని, గుమ్మం గుండా కాక గుడిసె గోడను తెరిచి బయటికి తెచ్చేవారని రాశాడు. అది పుల్లలతో, గడ్డితో కట్టిన గుడిసె. ఆ గోడను తెరవడం, మళ్లీ మూయడం పెద్ద పని కాదు. ఆయన పుస్తకం చదవడం మంచిదే, చదవాలి కూడా. కానీ అందులోని 1912ను తెచ్చి నీ కథలోని శుక్రవారం పక్కన కూర్చోబెడితే చదివేవాడికి ఆ మనుషులు ఏ కాలంలో బతుకుతున్నారో తెలియదు.

నువ్వు చూసిన శనివారం ఖననం కూడా ఆచారమే, దానికీ ఒక కారణం ఉంది. గనులకూ నగరాలకూ వలసపోయినవాళ్లు బస్సెక్కి రావాలి, శవాన్ని అందాకా దాచే మార్చురీ ఉండాలి, నెలనెలా చందా కట్టించుకుని ఖర్చుకు ఆదుకునే అంత్యక్రియల సంఘం ఉండాలి. ఈ మూడూ కుదిరాకే శనివారం వచ్చింది. 2020లో కోవిడ్ నిబంధనలు వచ్చి దక్షిణాఫ్రికాలో రాత్రి జాగరణలు ఆపేసి, అంత్యక్రియలకు యాభై మందికి మించి రాకూడదన్నప్పుడు జనం అంతగా ఎందుకు నలిగిపోయారో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. గోడ కంత కన్నా ఈ శనివారంలోనే నీకు ఎక్కువ కథ దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. చావు చుట్టూ ఉన్న నిషేధాలన్నిటినీ నువ్వు భయంగా రాశావు. ‘గగుర్పొడిచే’, ‘చీకటి’, ‘ఆదిమ’ అనే మాటలు పేజీకొకటి తగిలాయి, కొట్టేయి. నిషేధంలో భయం ఉండదని కాదు. కానీ అది ముందుగా పనుల పంపకం. ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు, ముట్టుకున్నవాళ్లను మళ్లీ మనుషుల్లోకి ఎలా తెచ్చుకోవాలి అన్నదే దాని లెక్క. జునో కాలంలో గొయ్యి తవ్వి శవాన్ని దించినవాళ్లకే అందరికన్నా ఎక్కువ మైల. కొన్నాళ్లపాటు వాళ్లు తిండిని చేత్తో ముట్టుకోకూడదు, వేరే చెంచాతో తినాలి. మూలికలు వేసి కాచిన నీళ్ల ఆవిరి పట్టించుకోవాలి. ఊళ్లో పెళ్లయిన జంటలన్నీ శుద్ధి అయ్యేదాకా దూరంగా ఉండాలి. చావు తాకిడి ఒక్క ఇంటితో ఆగదన్నమాట, దాన్ని ఊరంతా తలా కొంచెం మోసి దించుకుంటుంది. నీ కథలో గొయ్యి ఉంది, తవ్వినవాళ్లు లేరు. ఎవరు తవ్వారు? బంధువులా, ఊరి కుర్రాళ్లా? వాళ్లకు ముందు ఎవరు వడ్డించారు? ఇవి నీ స్నేహితురాలిని అడుగు.

మేనల్లుళ్లనైతే పూర్తిగా మరిచిపోయావు! చనిపోయినవాడి అక్కచెల్లెళ్ల కొడుకులు ఆ పాత వర్ణనల్లో అందరికన్నా చలాకీ మనుషులు. పూర్వీకులకు బలి ఇచ్చి ప్రార్థన చేస్తుండగా వాళ్లు నైవేద్యం ఎత్తుకుని పరుగు తీస్తారు. మిగతావాళ్లు వెంటబడి, బలి పశువు పొట్టలోని అరగని గడ్డిని ఉండలు చేసి వాళ్ల మీద విసురుతారు. కోపంతో కాదు, అది వాళ్ల హక్కని అందరికీ తెలుసు. 1924లో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ మేనమామ, మేనల్లుడి చనువు మీదే ఒక ప్రసిద్ధ ప్రసంగం చేశాడు. నీ చావింట్లో ఒక్కరూ నవ్వలేదు. నేను నమ్మను. ఏ దేశంలోనైనా మూడో రోజుకు ఎవరో ఒకరు పాత సంగతి ఎత్తి అందరినీ నవ్విస్తారు. త్సోంగా వాళ్లు దానికి హోదా కూడా ఇచ్చారు. ఇక్కడ తెలుగు మేనమామను తెచ్చి పోలిక చెప్పకు. పాఠకుడు తన మేనమామను తానే తెచ్చుకుంటాడు.

పసిపిల్లల ఖననం గురించి నువ్వు రాసిన పేరా అందంగా ఉంది కానీ కారణం జారిపోయింది. కవలలనూ, నెలలు నిండకుండా పోయిన పిండాలనూ తడి నేలలో పాతిపెట్టడం కేవలం జాలితో కాదు. అలాంటి జననంలో, మరణంలో ఒక వేడి ఉంటుందని, పొడి నేలలో పాతితే వాన నిలిచిపోతుందని నమ్మకం. అందుకే కరువొస్తే ఆడవాళ్లు వెళ్లి కవలల సమాధుల మీద నీళ్లు పోసేవారు. వాన మీద బతికే నేలలో కడుపు పోయిన సంగతి దాచుకున్న ఒక తల్లి రహస్యం ఊరందరి సమస్య ఎలా అయిందో రాయి. పేరా బరువు దానంతటదే పెరుగుతుంది.

వితంతువు శుద్ధి ఘట్టాన్ని కథ చివర పతాక సన్నివేశంగా పెట్టావు. అది నాకు నచ్చలేదు. దక్షిణ మొజాంబిక్‌లో కుచింగా అనే ఆచారం ఉంది. భర్త పోయిన స్త్రీ మైల పోవాలంటే మరిదితోనో బావతోనో కలవాలి. ఎయిడ్స్ వచ్చాక దీని మీద చాలా వాదన జరిగింది, కొన్ని చోట్ల మూలికలతో సరిపెట్టే పద్ధతి వచ్చింది. నువ్వు ఆ గది తలుపు సందులోంచి చూశావు. ఆమె వైపునుంచి చూడు. ఒప్పుకోకపోతే ఇల్లు ఎవరిది, పిల్లలు ఎవరి దగ్గర, రేపు ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే నింద ఎవరి మీద? ఆమె ఈ లెక్కలు వేసుకునే రాత్రిని రాయగలిగితే ఆ గది అవసరం లేదు.

నింద అన్నాను కనుక ఒక హెచ్చరిక. చావుకు కారణం పక్కింటి ముసలామె అని కథలో సూచించావు. లింపోపోలో అలాంటి అనుమానంతో మనుషులను చంపిన రోజులున్నాయి. రలుషాయ్ కమిషన్ 1996లో దాని మీదే నివేదిక ఇచ్చింది. ఊరి పేరు మార్చు, ఇంటిపేరు మార్చు, ముసలామెను వీలైతే తీసేయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది నువ్వు దాటేసిన ఒక వాక్యం. స్నేహితురాలి తాతగారి తమ్ముడు మొజాంబిక్ యుద్ధంలో పోయాడని, శవం దొరకలేదని రాసి ముందుకెళ్లిపోయావు. కథ అక్కడుంది. ఖననం జరగనివాడి ఆత్మ ఊరుకోదని, తనను చంపినవాడి ఇంటిదాకా వెళ్తుందని అక్కడి నమ్మకం. 1992లో అంతర్యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన పిల్లసైనికుల శుద్ధి వర్ణనలు చదువు. కుర్రవాణ్ణి శిబిరంలో వేసుకున్న బట్టలతోనే చిన్న గడ్డి గుడిసెలోకి పంపి, అక్కడ విప్పించి, గుడిసెకు నిప్పుపెట్టి బయటికి లాగేవారు, తర్వాత మూలికల నీళ్లతో స్నానం. ఇంకా వెనక్కి వెళ్తే దక్షిణ మొజాంబిక్‌లోని గాజా రాజ్యాన్ని ఏలిన గుంగున్యానా ఉన్నాడు. పోర్చుగీసువాళ్లు 1895లో పట్టుకుని అజోర్స్ దీవులకు పంపితే 1906లో అక్కడే పోయాడు. 1985లో అతని అవశేషాలంటూ ఒక చెక్కడపు పేటికను మొజాంబిక్ రాజధాని మపూటోకు తెచ్చారు. అందులో ఉన్నది దీవి మట్టేనని చాలామంది అంటారు. ప్రభుత్వమూ ఆ లోటు అలా పూడ్చుకోవాలనుకుంది. ఒక పేద కుటుంబం ఎలా పూడ్చుకుంది?

స్నేహితురాలి అమ్మగారిని నేరుగా చావు గురించి అడగొద్దు. ఆ తాత ఏ పాటలు పాడేవాడో, ఏ గనిలో పనిచేశాడో అడుగు. మిగతాది ఆమె చెప్పాలనుకుంటే చెబుతుంది, లేకపోతే లేదు. రాయడానికి అనుమతి మాత్రం విడిగా, స్పష్టంగా తీసుకో. కొత్త ప్రతి తయారయ్యాక ముందు వాళ్లకు చదివి వినిపించు, తర్వాతే నాకు పంపు. నాకు తొందరేమీ లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు