వేసవి సెలవుల్లో పిల్లలకు మ్యూజియం, మామగారికి పాత కాగితాలు: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. కరీంనగర్ నుంచి వచ్చి మే నెలలో అక్కగారింట్లో ఉండబోతున్నారు కాబట్టి పదేళ్ల పాపకూ పదమూడేళ్ల బాబుకూ మ్యూజియంలలో, గ్రంథాలయాల్లో వేసవి కార్యక్రమాలేమైనా ఉంటాయా అన్నది ఒకటి. మీ మామగారి తాతగారికి నిజాం కాలంలో ఇనాంగా భూమి ఇచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు, ఆ కాగితం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత పత్రాల భాండాగారంలో దొరుకుతుందా అన్నది రెండోది. నేను మా చెల్లెలి పిల్లలను వేసవిలో ఊరంతా తిప్పినదాన్ని, మా నాన్నగారితో కలిసి తార్నాకలో పాత కాగితాలు వెతికినదాన్ని కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ రెంటినీ వేర్వేరు పనులుగా పెట్టుకోకండి. మామగారి వెతుకులాటనే పిల్లల వేసవి పనిగా మార్చండి. ఎలాగో కింద రాశాను.

ముందు తేదీలు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, జూన్ 9 అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినం. ప్రదర్శనలు, ఉపన్యాసాలు, పిల్లల పోటీలు ఏవైనా పెడితే ఎక్కువగా ఈ మూడు తేదీల చుట్టూనే పెడతారు. మీరు వచ్చేది మేలో కనుక 18వ తేదీ మీకు కలిసివస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో వేసవిలో పిల్లలకు బొమ్మలు గీయడం, చేతిపనులు నేర్పే శిబిరాలు నడుస్తుంటాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్‌లో సంగీతం, నాట్యం, చిత్రలేఖనం వేసవి తరగతులు ఉంటాయి. ఈ ఏడాది ఏ రోజున మొదలవుతాయో ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే ప్రకటన సాధారణంగా వారం ముందే వస్తుంది, సీట్లు దానికంటే త్వరగా నిండుతాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి మాత్రం పిల్లలను తీసుకువెళ్లమని చెప్పను. అక్కడ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకే కుర్చీలు చాలవు. పాపం, వాళ్ల ఏకాగ్రతను మన పిల్లలు చెడగొట్టడం దేనికి?

సాలార్‌జంగ్‌ను ఒక్క రోజులో చూసేయాలనుకోకండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులవి. 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. శుక్రవారం సెలవు. ఎండకు భయపడి అందరూ మధ్యాహ్నం లోపలికి చేరతారు, పన్నెండు గంటలకు అక్కడి పేరుపొందిన సంగీత గడియారం ముందు ఇసుక వేస్తే రాలదు. గంట కొట్టే బొమ్మ ప్రతి గంటకూ బయటికి వస్తుంది కాబట్టి పదకొండుకే వెళ్లి కూర్చోండి. దెబ్బ ఒకటి తక్కువైతే పోయేదేమీ లేదు. ఇంకో సంగతి, అందరూ ఆ గంట కొట్టే బొమ్మ కోసమే చూస్తారు గాని, సెకను సెకనుకూ సుత్తి వేస్తూ కూర్చున్న కమ్మరి బొమ్మను ఎవరూ పట్టించుకోరు. మీ పాపకు దాన్ని చూపించండి. మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పం, ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలీస్, వెనక మార్గరెట్టా ఉన్న చెక్క శిల్పం ఎలాగూ చూస్తారు. వాటి తర్వాత ఓపిక మిగిలితే రాతప్రతుల వైపు వెళ్లండి. అరబ్బీ, పారశీ, ఉర్దూ చేతిరాతలను అక్కడ అద్దాల వెనక చూస్తే, తార్నాకలో మామగారి చేతికి రాబోయేది ఎలాంటి రాతో పిల్లలకు ముందే తెలుస్తుంది. అందుకే ఆర్కైవ్స్‌కు ముందు ఇక్కడికి రమ్మంటున్నాను.

అక్కడి నుంచి నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వస్తే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. వంతెన మీద ఒక్క నిమిషం ఆగి రెండు ఒడ్డులూ చూపించండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చేసింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది బతికారు. ఈ ఒడ్డున ఆసుపత్రి, ఆ ఒడ్డున హైకోర్టు భవనాలు ఆ వరద తర్వాత లేచినవే. గ్రంథాలయం మాత్రం వరదకంటే పాతది. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఈ భవనంలోకి వచ్చింది. పదమూడేళ్ల బాబుకు ఇక్కడ పనుంది: తాతయ్య పుట్టిన సంవత్సరపు పత్రికలు ఏమైనా చూడనిస్తారా అని వాడినే కౌంటరు దగ్గర అడగనివ్వండి. చినిగే స్థితిలో ఉన్నవి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇవ్వకపోతే ఇంటికి వచ్చి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్ వాళ్లు స్కాన్ చేసి పెట్టిన పాత ఆంధ్రపత్రిక సంచికలు కంప్యూటర్‌లో దొరుకుతాయేమో చూడవచ్చు. తెలుగు పుస్తకాల కోసమైతే సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లండి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు వంటివారు 1901 సెప్టెంబరు 1న ప్రారంభించిన చోటు అది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు గూడు కట్టినవాళ్ల పేర్లు మీ పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంతో అయిపోతాయి, అక్కడికి వెళ్తే ఆ వాక్యానికి తలుపూ కిటికీలూ వస్తాయి.

పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో మమ్మీ ఉంది, పిల్లలు దాన్ని వదలరు, మిగతాది మీరే చూసుకోగలరు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా చూసి మా చెల్లెలి కూతురు అన్న మాట: ‘ఇది బీరువా కాదు, వీధి.’

ఇక ఆర్కైవ్స్. తార్నాక మెట్రో స్టేషనులో దిగితే దగ్గరే. అక్కడ నాలుగు కోట్లకు పైగా పత్రాలున్నాయి. అన్నిటికంటే పాతది 1406 నాటి బహమనీ ఫిరోజ్ షా కాలపు పత్రం. షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కన్ పాలన కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం పారశీ, ఉర్దూ. నిజాం కొలువులో పారశీ పోయి ఉర్దూ వచ్చింది 1880ల్లో. అంటే మీ మామగారి తాతగారి కాగితం ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగానిదైతే ఉర్దూలో ఉంటుంది, అది మీ అదృష్టం. 1880లకు ముందుదైతే పారశీలో, అదీ శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉండే అవకాశం ఎక్కువ. మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు, ఉర్దూ పత్రిక గడగడా చదివేవారు. శికస్తా కాగితం ముందు పెట్టగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ‘ఇది మా పంతులు నేర్పలేదమ్మా’ అన్నారు. మీ మామగారికి ఎనభై నాలుగేళ్లని రాశారు. అంటే 1948 పోలీసు చర్య నాటికి ఆయన చిన్నవారే అయినా, ఒకటి రెండు తరగతులు ఉర్దూలో చదివి ఉండవచ్చు. అడిగి చూడండి, ఇన్నేళ్లూ ఎవరూ అడగకపోయి ఉండవచ్చు.

అక్కడికి వెళ్లి ‘మా ఇంటిపేరు ఇది, మా భూమి కాగితం ఇవ్వండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఇంటిపేర్ల ప్రకారం పేర్చిన దొంతరలు కావవి. శాఖ, జిల్లా, సంవత్సరం, దస్త్రం సంఖ్య అనే దారిలోనే వెతకాలి. కాబట్టి మేలో రాకముందే ఇంట్లో ఒక కాగితం తయారు చేసుకోండి, పిల్లల చేత రాయించండి. ఊరి పేరు, పాత తాలూకా, పాత జిల్లా. కరీంనగర్ అని వెతికితే 1905కు ముందరి కాగితం దొరకదు, అప్పటిదాకా ఆ జిల్లా పేరు ఎలగందుల. ఇందూరు నిజామాబాద్ అయిందీ ఆ సంవత్సరమే. ఇక మామగారిని అడగవలసిన అసలు ప్రశ్న: మీ ఊరు దివానీ (నేరుగా ప్రభుత్వం) కింద ఉండేదా, జాగీరా, పాయిగానా (సైన్యాన్ని పోషించే పెద్ద ప్రభువుల ఎస్టేటు), సర్ఫెఖాసా? జాగీరు ఊరి లెక్కలు జాగీర్దారు దగ్గర, సర్ఫెఖాస్ ఊరివి నిజాం సొంత ఆస్తి చూసే కచేరీలో నడిచేవి. ఈ ఒక్క సంగతి తెలియకపోతే వారం రోజులు తప్పు గదిలో వెతికినట్టే.

తర్వాతది ఫస్లీ, అంటే భూమి శిస్తు లెక్కల సంవత్సరం. పాత కాగితాల మీద క్రీస్తుశకం సాధారణంగా ఉండదు. నిజాం రాజ్యంలో ఇరవయ్యో శతాబ్దంలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కాగితం మీద 1338 ఉంటే 590 కలపండి, 1928 వస్తుంది. అది 1928 అక్టోబరు నుంచి 1929 అక్టోబరు దాకా. నెల జనవరి గాని ఆ తర్వాతది గాని అయితే 591 కలపాలి. కోస్తా జిల్లాల్లో ఫస్లీ జులైతో మొదలవుతుంది, అక్కడివాళ్ల లెక్క మీకు చెబితే కంగారు పడకండి. ఈ కూడికల పని మా చెల్లెలి కొడుకుకు అప్పగించాం. వాడు ఆజూర్, దై, బహ్మన్ అంటూ పన్నెండు నెలలూ వల్లె వేసి మా నాన్నగారికే పరీక్ష పెట్టాడు.

ఏ కాగితం ఎక్కడుంటుందన్నది కూడా ముందే తేల్చుకోండి. సేత్వార్, పహాణీ, 1954-55 ఖాస్రా పహాణీ వంటి భూమి లెక్కలకు తహసీల్దారు కార్యాలయం, కలెక్టరేటు, సర్వే శాఖల చుట్టూ తిరగాలి, వాటి కోసం తార్నాక రావడం దండగ. సనదులు (దానం ఇస్తూ రాసిచ్చిన పత్రాలు), ఇనాం విచారణ దస్త్రాలు, ఆ విచారణ తేల్చి ఇచ్చిన ముంతఖబ్‌లు అయితే ఆర్కైవ్స్. మీరు చెప్పిన కథలోది ఇనాం కాబట్టి ముంతఖబ్ ఉందా అని అడగడమే సరైన మొదలు. అయితే ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. ముంతఖబ్ దొరికితే భూమి దొరికినట్టు కాదు. 1949లో జాగీర్లు పోయాయి, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది, ఆ తర్వాత ఎవరి సాగులో ఉందన్నదే తేల్చింది. కుటుంబ చరిత్ర కోసమైతే సంతోషంగా వెతకండి. భూమి కోసమైతే ముందు వకీలును కలవండి. ‘ఒరిజినల్ ముంతఖబ్ నా దగ్గరుంది’ అని బయట కలిసేవాళ్లతో మాటలు పెట్టుకోకండి, ఈ నగరంలో నకిలీ ముంతఖబ్‌ల మీద నడిచిన కేసులు తక్కువేమీ కావు.

వెళ్లేటప్పుడు ఆధార్, దరఖాస్తు, పెన్సిలు ఉంచుకోండి. పాత కాగితం దగ్గర పెన్ను తీయనివ్వరు. పిల్లలను చదివే గదిలోకి రానిస్తారా అన్నది ముందే ఫోనులో అడగండి. జూన్ 2 రాష్ట్రావతరణ దినం, ప్రభుత్వ సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

కంప్యూటర్‌లో దొరకదా అని కూడా అడిగారు. ఢిల్లీలోని నూర్ ఇంటర్నేషనల్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో ఇక్కడి ఆర్కైవ్స్ ఒప్పందం చేసుకుంది, పారశీ, ఉర్దూ పత్రాలను శుభ్రం చేసి, స్కాన్ చేసి, పట్టికలు తయారు చేయడం అందులో భాగం. మంచి పనే. కాని స్కాన్ చేసిన బొమ్మలో మీ ఊరి పేరు కంప్యూటర్ తనంతట తాను చదవదు, ఎవరో ఒకరు చదివి పట్టికలోకి ఎక్కించాలి. శికస్తా చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు, అసలు ఆలస్యం అక్కడుంది. అయినా స్కాన్ చేయడం ఎందుకు తప్పదో బాగ్‌లింగంపల్లికి వెళ్తే అర్థమవుతుంది. అక్కడి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అబ్దుస్ సమద్ ఖాన్ సేకరించిన అరుదైన ఉర్దూ పుస్తకాలు 2000 ఆగస్టు వరదలో మునిగిపోయాయి. పుటలు ఆరబెట్టి, విడదీసి కాపాడుకోవలసి వచ్చింది.

మామగారిని అడిగి ఊరు దివానీయో జాగీరో, పాత తాలూకా ఏదో ఇక్కడే రాయండి. జాగీరైతే జాగీర్దారు పేరు కూడా కావాలి. అప్పుడు ఏ శాఖ దస్త్రాలు అడగాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.