అమ్మడూ, ముందు రిజిస్టర్ సంగతి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీకు రియాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ స్టేడియం కట్టే చోట క్లినిక్‌లో నర్సు అంట అని చెప్పింది. దాని గొంతులో ఎంత గర్వమో. నాకేమో మాట రాలేదు, లైన్ కట్ అయిందనుకుని హలో హలో అంటోంది పాపం. నాకూ గర్వంగానే ఉందే, కాకపోతే 2011 నుంచి 2019 దాకా ఖతార్ దోహాలో అచ్చం ఆ పనే చేసొచ్చిన దాన్ని, నా భయం వేరు. నువ్వేమో నాకు ఒక్క ముక్క చెప్పలేదు, పిన్ని వద్దంటుందనుకున్నావు కదూ. వద్దనను. వెళ్ళు.

డేటాఫ్లో సర్టిఫికెట్ల తనిఖీ, ప్రోమెట్రిక్ పరీక్ష గొడవలు నాకన్నా నీకే బాగా తెలుసు, వాటి జోలికి పోను. ఇక్కడ సంతకం పెట్టిన జీతం, అక్కడ సర్కారు వారి కివా పోర్టల్‌లో ఎక్కించిన జీతం ఒకటేనో కాదో చూసుకో. పాస్‌పోర్ట్ ఆఫీసులో భద్రంగా పెడతాం అంటారు, ఇవ్వకు, అక్కడి చట్టం కూడా నీ వైపే ఉంది. గొడవొస్తే కోపంలో చెప్పకుండా వెళ్ళిపోకు, హురూబ్ పెట్టేస్తారు, అంటే మనిషి పారిపోయిందని రిపోర్ట్, అది పడ్డాక చేతిలో ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిట్, ఉన్నా లేనట్టే. ఇవి ఎవరైనా చెప్తారు. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది, మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2014 జులై. ఖతార్‌కి వరల్డ్ కప్ ఇస్తున్నామని 2010 డిసెంబర్‌లో ప్రకటించాక ఊరంతా తవ్వి పోసి ఉండేది. మా కంపెనీ, పేరెందుకులే, స్టేడియం కట్టేది కాదు, లుసైల్ వైపు రోడ్ల కింద డ్రైనేజీ పైపులు వేసేది. తర్వాత ఫైనల్ ఆడింది ఆ లుసైల్‌లోనే. క్యాంపులో క్లినిక్ అంటే ఒక పోర్టా క్యాబిన్, రెండు మంచాలు, నేను. డాక్టర్ వారానికి రెండు రోజులొచ్చేవాడు, ఆ రోజు రాలేదు.

సాయంత్రం ఒకబ్బాయి వచ్చాడు, ఇరవై ఆరేళ్ళుంటాయి, మన తెలుగువాడే, వచ్చినప్పుడల్లా అక్కా అక్కా అనేవాడు. తల తిరుగుతోందక్కా, మధ్యాహ్నం నుంచి రెండుసార్లు వాంతయింది, ఒంటికి పోస్తే కాఫీ రంగులో వస్తోంది అన్నాడు. జులైలో పదకొండున్నర నుంచి మూడింటిదాకా ఎండలో పని ఆపాలని రూల్ ఉండేది, ఆపేవాళ్ళు కూడా, కానీ మూడు దాటాక ఆ గోతిలో గాలే ఆడదు, పక్కన సముద్రం, ఉక్క, చెమట పట్టినా ఆరదు. టెంపరేచర్ నోట్లో పెట్టి చూశాను, సెల్సియస్‌లో 38.4. వాడు అప్పుడే చల్లటి నీళ్ళు తాగొచ్చాడు. చల్లనీళ్ళు తాగిన నోట్లో థర్మామీటర్ అబద్ధం చెప్తుందని ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పారు నాకు, ఆ రోజు నా ముందు లైన్లో ఇంకా ముప్ఫైమంది ఉన్నారు, అదంతా ఎక్కడికి పోయిందో. హాస్పిటల్‌కి పంపనా అంటే వద్దక్కా, రెస్ట్ కూడా రాయొద్దు, ఒకరోజు జీతం కోస్తారు అన్నాడు. రెండు పారాసిటమాల్, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చి రిజిస్టర్‌లో జ్వరం, తలనొప్పి అని రాశాను. రెండే మాటలు. మూత్రం రంగు రాయలేదు, వాంతులు రాయలేదు, ఏ పని నుంచి వచ్చాడో, ఎన్నింటికి వచ్చాడో రాయలేదు. వాడడిగాడనే రాయలేదు, జాలి పడ్డాననుకున్నాను. అలా రాస్తే సైట్ మేనేజర్ వచ్చి క్లినిక్‌లో అరుస్తాడన్న భయం కూడా ఉంది, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. రూమ్‌లో వాళ్ళు లేపితే లేవలేదు.

సర్టిఫికెట్‌లో గుండె, ఊపిరి ఆగిపోయాయి, సహజ మరణం అని వచ్చింది. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు చెప్పు! సహజ మరణం అని పడితే పని వల్ల పోయినట్టు కాదు, పని వల్ల కాకపోతే కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదు, లెక్క అంత సింపుల్. వాళ్ళావిడ ఎవరి దగ్గరో నా నంబర్ తీసుకుని ఫోన్ చేసింది, ఎండదెబ్బ అని ఒక కాగితం రాసిస్తారా మేడం అని. రిజిస్టర్ తీసి చూశాను. నా చేతిరాతే. జ్వరం, తలనొప్పి. ఆ పక్కన బోలెడు ఖాళీ ఉంది. తర్వాత ఎక్కిస్తే అది దొంగ రాత, ఎక్కించకపోతే ఆమెకి ఏమీ లేదు. నా చేతుల్లో లేదమ్మా అని పెట్టేశాను. అప్పట్లో మనం దేశం దాటాలన్నా కఫీల్, అంటే మనల్ని తెప్పించుకున్న యజమాని, ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి, చాలామందికి అది 2018 అక్టోబర్‌లో గానీ పోలేదు, నేను నోరు తెరిస్తే నన్ను ఇంటికి పంపుతారో అక్కడే ఆపుతారో తెలియదు, పిల్లల ఫీజులు. ఇవన్నీ కారణాలే, కాదనను.

తర్వాత ఆ అంకెల గొడవ చూశావుగా. స్టేడియం పనుల్లో పని వల్ల పోయింది ముగ్గురు, వేరే కారణాలతో 37 మంది అని అక్కడి కప్ నిర్వహణ కమిటీ లెక్క. గార్డియన్ పేపర్ 2021లో ఐదు దేశాల వాళ్ళు పదేళ్ళలో 6,500 మందికి పైగా అంది, అందులో మనవాళ్ళే 2,711, కాకపోతే అది అన్ని పనుల్లో, అన్ని కారణాలతో పోయినవాళ్ళ లెక్క. 2022 నవంబర్‌లో, మ్యాచ్‌లు జరుగుతుండగానే, ఆ కమిటీ పెద్ద హసన్ అల్ థవాది టీవీలో కూర్చుని 400, 500 మధ్య ఉంటారు అన్నాడు. నేను టీవీ ముందు కూర్చుని మావాడు దేంట్లో ఉన్నాడా అని చూసుకున్నాను. పైపుల పని కదా, ఆ 40 మందిలో లేడు. అమ్నెస్టీ అనే హక్కుల సంస్థ వాళ్ళు 2021లో 18 డెత్ సర్టిఫికెట్లు చూస్తే 15 వాటిలో అసలు కారణమే లేదట. ఉండదు మరి, కింద నాలాంటిది రెండు మాటలు రాసి ఊరుకుంటే పైన డాక్టర్ మాత్రం ఎక్కణ్ణించి తెస్తాడు.

అందుకే ఒసేయ్, రాయి. టైమ్ రాయి, ఏ పని చేస్తూ వచ్చాడో రాయి, ఎంతసేపు ఎండలో ఉన్నాడో అడిగి రాయి, మూత్రం రంగు రాయి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే నోటి థర్మామీటర్ నమ్మకు, రెక్టల్ చూడు, అదే మలద్వారంలో పెట్టి, సిగ్గుపడితే పడనీ. ఎండదెబ్బకి పారాసిటమాల్ పనిచెయ్యదు, ముందు ఐస్ నీళ్ళలో దించు, తర్వాతే అంబులెన్స్ ఎక్కించు. ఖతార్‌లో 2021 నుంచి ఎండ, ఉక్క కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటర్ 32.1 డిగ్రీలు దాటితే టైమ్‌తో పని లేకుండా ఆపాలని పెట్టారు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండు నుంచి మూడు, గడియారం చూసి ఆపడమే, కాబట్టి ఒక మీటర్ కొనమని కంపెనీని మొదటి వారంలోనే అడుగు, కొత్తగా వచ్చినప్పుడే అడగాలి, పాతబడ్డాక అడిగితే తిరగబడ్డావంటారు.

రాయమన్నాను కదా అని ఫేస్‌బుక్‌లో కాదు! నిన్ను నేనెరుగుదును, కాలేజీలో హాస్టల్ నీళ్ళ మీద పోస్ట్ పెట్టి ప్రిన్సిపల్ దాకా వెళ్ళినదానివి. దోహాలో కెన్యా సెక్యూరిటీ గార్డ్ ఒకతను కూలీల బతుకు గురించి ఆన్‌లైన్‌లో రాస్తే 2021లో పట్టుకెళ్ళి ఒంటరి గదిలో పెట్టారు, చివరికి 25,000 రియాల్స్ జరిమానా. సౌదీ ఇంకా కఠినం, 2022లో ఒక పీహెచ్‌డీ చదివే అమ్మాయికి ట్వీట్ల మీద 34 ఏళ్ళు వేశారు, తర్వాత తగ్గించారనుకో. అక్కడ యూనియన్ లేదు, సమ్మె లేదు. నీ వాదనంతా రిజిస్టర్ లోపలే ఉండాలి, నీకో చిన్న నోట్‌బుక్ ఉండాలి, అందులో పేర్లు వద్దు, తారీఖూ టెంపరేచరూ చాలు.

పోటీకి ఇంకో దేశమే లేకుండా 2024 డిసెంబర్ 11న ఆన్‌లైన్ మీటింగ్‌లో చప్పట్లు కొట్టి 2034 కప్ సౌదీకి ఇచ్చేశారు, మానవ హక్కుల రిస్క్ మీడియం అని ఫిఫా వాళ్ళే రాసుకున్నారు. 2025 మార్చిలోనే అల్ ఖోబర్ స్టేడియంలో పాకిస్తానీ కూలీ ఒకతను పైనుంచి పడి చనిపోయాడు. ఆ మే నెలలో హ్యూమన్ రైట్స్ వాచ్, ఫెయిర్‌స్క్వేర్ అనే హక్కుల సంస్థలు రిపోర్టులిచ్చాయి, చదివితే అదే పాత మాట, సహజ మరణం. మొత్తం 15 స్టేడియాలు, రియాద్‌లోనే 8. ఎంతమంది వస్తారో ఊహించుకో, అందులో ఎంతమంది నీ క్యాబిన్ ముందు లైన్లో నిలబడతారో కూడా.

ఇదంతా చదివి మానేస్తానంటావేమో, మానకు. ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకి నువ్వుంటే నయం, నీ చేతిరాత కూడా నాకన్నా బావుంటుంది. లెటర్ మీ అమ్మకి చూపించకు, ఫ్లైట్ ఎప్పుడో నాకు మెసేజ్ పెట్టు. ఎవరికైనా రెస్ట్ రాయాలా వద్దా అని డౌటొస్తే ఏ టైమ్‌కైనా ఫోన్ చెయ్యి, తెల్లవారుజామున నాలుగైనా సరే, ఆ టైమ్‌కి నేనెలాగూ లేచే ఉంటాను.

మీ పిన్ని